బొమ్మను వెతికి తెచ్చే గొలుసు

ఏటా జనవరిలో ఒక ఆదివారం బెంగళూరు కుమారకృపా రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ రోజు కర్ణాటక చిత్రకళా పరిషత్తు వారి చిత్రసంత. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన చిత్రకారులు రోడ్డుకి రెండు పక్కలా బొమ్మలు ఆనించి కూర్చుంటారు. కొనడానికి వచ్చినవాడికి అక్కడ మాటలతో పని ఉండదు. నడుస్తూ ఉంటే ఒకచోట కన్ను ఆగుతుంది, దాని వెనకే కాలూ ఆగుతుంది. 2021 జనవరిలో కోవిడ్ మూలంగా ఆ సంత ఆన్‌లైన్‌లో జరిగింది. ఆన్‌లైన్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. వెతికేవాడు ముందు ఒక మాట కొట్టాలి. అదే మాట బొమ్మ పక్కన ఎవరో అప్పటికే రాసి ఉంచాలి. ఆ రెండూ కలిస్తేనే బొమ్మ కంటబడుతుంది. కలవకపోతే ఎంత గొప్ప బొమ్మయినా లేనట్టే.

ఆ రాసిపెట్టే మాటని ఇప్పుడు ట్యాగ్ అంటున్నాం, కీవర్డ్ అంటున్నాం. బొమ్మ వేయడానికి నెలలు వెచ్చించినవాళ్లు కూడా దీని దగ్గరికి వచ్చేసరికి ‘ఆర్ట్’, ‘పెయింటింగ్’, ‘బ్యూటిఫుల్’ అని మూడు మాటలు పడేసి లేచిపోతారు. అది బాధాకరం, ఎందుకంటే ఇది నేర్చుకోదగ్గ పనితనం. ఈ పనిని అక్షరం అక్షరం విప్పి, సూత్రాలు కట్టి, శిష్యులకి నేర్పిన మనిషి బెంగళూరులోనే బతికాడు. ఆయన షియాలి రామామృత రంగనాథన్.

రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లా షియాలిలో పుట్టారు. గణితం అధ్యాపకుడు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయ్యారు. ఆ పని నేర్చుకోవడానికి లండన్ వెళ్లినప్పుడు సెల్ఫ్రిడ్జెస్ దుకాణంలో మెకానో అనే ఆటవస్తువు చూశారు. అవే రేకు ముక్కలు, అవే మరలు, అవే నట్లు. అమ్మేవాడు వాటితోనే ఒకసారి ఒక బొమ్మ, ఇంకోసారి ఇంకో బొమ్మ బిగించి చూపిస్తున్నాడు. అప్పటిదాకా గ్రంథాలయ వర్గీకరణ అంటే ప్రతి విషయానికీ ముందే ఒక గూడు కట్టి ఉంచడం. కొత్త విషయం పుడితే దానికి గూడు ఉండదు. విషయాలకి గూళ్లు కట్టేబదులు విషయాలు తయారయ్యే ముక్కల్ని గుర్తించి, వాటిని బిగించే మరలు ఇస్తే చాలునని రంగనాథన్‌కి తోచింది. 1933లో వచ్చిన కోలన్ క్లాసిఫికేషన్‌లో ఆ మర కోలన్ గుర్తు. 1957లో ఆయన బెంగళూరు చేరారు. 1962లో ఇక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ కింద డాక్యుమెంటేషన్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్‌ని స్థాపించారు. 1972 సెప్టెంబర్ 27న ఈ ఊళ్లోనే కన్నుమూశారు. మైసూరు రోడ్డులోని ఐఎస్ఐ ఆవరణలో ఆ కేంద్రం ఇప్పటికీ నడుస్తోంది.

ఆయన గ్రంథాలయాల కోసం కట్టిన పనిముట్లు బొమ్మల ట్యాగుల దగ్గర ఎంత నిక్కచ్చిగా పనిచేస్తాయో చూడాలంటే ఒక బొమ్మని చేతిలోకి తీసుకోవాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకి పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో చేసిన హనుమంతుడి తోలుబొమ్మ ఒకటి ఆన్‌లైన్‌లో పెడుతున్నాం అనుకుందాం.

ఏ విషయాన్నయినా ఐదు వైపుల నుంచి విప్పవచ్చన్నారు రంగనాథన్. పర్సనాలిటీ, మ్యాటర్, ఎనర్జీ, స్పేస్, టైమ్. అసలు వస్తువు, దాని పదార్థం, దాని మీద జరిగిన పని, చోటు, కాలం అని మనం చెప్పుకోవచ్చు. ఇందులో మొదటిది, అసలు వస్తువు, అన్నిటికంటే జారుడుది. దాన్ని నిర్వచించడం కష్టమని రంగనాథనే ఒప్పుకుని, ఒక ఉపాయం చెప్పారు. వెనక నుంచి రండి. కాలం తేలిక, ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. తర్వాత చోటు. ఆ తర్వాత పని, పదార్థం. ఇక మిగిలిందే అసలు వస్తువు. గణితం చదివినవాడి ఆలోచన ఇది, తీసివేతల పద్ధతి. ట్యాగులు రాసేవాళ్లకి ఇంతకంటే పనికొచ్చే సలహా నేను చూడలేదు. ఖాళీ పెట్టె ముందు కూర్చుని ‘ఇది ఏమిటి’ అని ఆలోచిస్తే తోచదు. ‘ఎప్పటిది, ఎక్కడిది, ఏం చేశారు, దేనితో చేశారు’ అని అడుగుతూ వస్తే చేయి దానంతటదే కదులుతుంది.

మన బొమ్మకి కాలం: 20వ శతాబ్దం. చోటు: నిమ్మలకుంట. పని దగ్గర కొంచెం ఆగాలి. తోలుని శుభ్రం చేసి, వెలుగు దాటేంత పలుచన చేయడం, గీయడం, రంగులు వేయడం, నగలూ అంచులూ తేలేలా ఉలితో చిల్లులు పొడవడం ఇదంతా పనే. ఆడించడం కూడా పనే, అంటే తోలుబొమ్మలాట, నీడలాట. చాలామంది ట్యాగుల్లో ఈ వైపు పూర్తిగా జారిపోతుంది. చూడటానికి వస్తువు కనబడుతుంది గానీ చేసిన చెయ్యి కనబడదు కదా. పదార్థం: మేకతోలు. ఇవన్నీ పక్కకి తీసేశాక రెండు మాటలు మిగులుతాయి: తోలుబొమ్మ, హనుమంతుడు. ఒకటి ఈ వస్తువు, ఇంకోటి ఈ వస్తువులో కనబడే రూపం. కళ దగ్గర ఈ రెండూ వేరుగా నిలబడతాయి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు గొలుసు. రంగనాథన్ పనితనంలో నాకు అన్నిటికంటే ముచ్చటేసేది ఇదే. 1938లో వచ్చిన థియరీ ఆఫ్ లైబ్రరీ కేటలాగ్‌లో ఆయన దీన్ని వివరించారు. ఒక విషయానికి వర్గసంఖ్య కట్టాక, దాని చివరి కొస పట్టుకుని ఒక్కో లంకె వెనక్కి నడుస్తూ, ప్రతి లంకె దగ్గరా సూచిక మాట కోసం చూడాలి. ‘చోటు’ ఒక్కటే తీసుకుని నడిచి చూద్దాం: నిమ్మలకుంట, ధర్మవరం, అనంతపురం, రాయలసీమ, ఆంధ్రప్రదేశ్, దక్షిణ భారతం, భారతదేశం, ఆసియా. ఎనిమిది లంకెలు. ఎనిమిదీ రాసేయమని ఆయన అనలేదు. ప్రతి లంకె దగ్గరా ఆగి, ఈ మాటతో ఈ విషయాన్ని ఎవరైనా వెతుకుతారా అని అడగమన్నారు. వెతికితే అది సాట్ లింక్, కోరే లంకె. వెతకకపోతే అన్‌సాట్, దాటేయాల్సింది.

ఈ ఒక్క ప్రశ్నతో పని అంతా మనుషుల వైపు తిరుగుతుంది. ‘నిమ్మలకుంట’ అని ఎవరు కొడతారు? ఆ ఊరు తెలిసినవాళ్లు, తోలుబొమ్మల మీద పనిచేసే పరిశోధకులు. తక్కువమందే, కానీ వాళ్లకి ఆ మాట తప్ప వేరే మాట అక్కర్లేదు. కాబట్టి ఉండాలి. ‘రాయలసీమ’ అని తెలుగువాళ్లు వెతుకుతారు, పక్క రాష్ట్రం దాటితే ఎవరూ వెతకరు. కాబట్టి దాన్ని తెలుగు లిపిలో ఉంచాలి. ‘దక్షిణ భారతం’ బెర్లిన్‌లో కూర్చుని నీడబొమ్మలు సేకరించేవాడి మాట. అదీ ఉండాలి, ఇంగ్లిషు అక్షరాల్లో. ‘ఆసియా’ అని వెతికినవాడికి జావా బొమ్మలూ చైనా బొమ్మలూ వేలకొద్దీ వస్తాయి, అందులో మనది మునిగిపోతుంది. దాన్ని దాటేయవచ్చు.

ధర్మవరం దగ్గర కాసేపు ఆగాలి. భౌగోళికంగా ఆ మాటలో తప్పేమీ లేదు, నిమ్మలకుంట ఆ మండలంలోదే. కానీ లోకంలో ధర్మవరం అనగానే పట్టుచీర. ఆ మాట కొట్టినవాడు చీర కోసం వచ్చాడు. అతనికి హనుమంతుడి తోలుబొమ్మ చూపిస్తే అతని సమయమూ పోతుంది, మన బొమ్మ గౌరవమూ పోతుంది. అలాగని దాన్ని వదిలేయనక్కర్లేదు. గొలుసు పద్ధతిలో సూచిక మాట ఒంటరిగా నిలబడదు, అర్థం తేలడానికి కావలసిన పై లంకెని పక్కన తోడు తెచ్చుకుంటుంది. ‘ధర్మవరం’ అని ఒట్టిగా రాస్తే గందరగోళం. ‘ధర్మవరం తోలుబొమ్మ’ అని రాస్తే చీరవాడు పక్కకి తప్పుకుంటాడు, బొమ్మవాడు లోపలికి వస్తాడు. సందర్భం చెప్పని మాట మాట కాదన్నది ఆయన సందర్భ నియమం. నేటి అమ్మకపు వేదికల మీద విడి మాటల కంటే రెండు మూడు మాటల పదబంధాలు బాగా పనిచేయడానికి కారణమూ ఇదే.

ఈ పద్ధతి కాగితం మీదే ఉండిపోలేదు. 1950లో మొదలైన బ్రిటిష్ నేషనల్ బిబ్లియోగ్రఫీ తన విషయసూచికని 20 ఏళ్ల పాటు రంగనాథన్ గొలుసుతోనే కట్టింది. బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకాల్ని పాఠకుడి దగ్గరికి చేర్చిన గొలుసు అది.

మాటల వరుస విషయంలోనూ ఆయన ఒక సూత్రం ఇచ్చారు, దాని పేరే వాల్-పిక్చర్ ప్రిన్సిపుల్. గోడ లేకుండా గోడబొమ్మ ఉండదు, కాబట్టి గోడ ముందు, బొమ్మ తర్వాత. దేనిని ఒప్పుకోకపోతే రెండోది నిలబడదో దాన్ని ముందు చెప్పాలి. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల ఫోటో ఒకటి అమ్మకానికి పెట్టేవాడికి ఈ సూత్రం సూటిగా పనికొస్తుంది. అడోబీ స్టాక్‌లో ఒక్కో చిత్రానికి 49 కీవర్డ్‌ల దాకా ఇవ్వవచ్చు, వాటిలో మొదటి పదికే బరువు ఎక్కువ. ‘లేపాక్షి’, ‘గుడి పైకప్పు చిత్రం’, ‘విజయనగర కాలం’ ఆ పదిలో ఉండాలి. చీర మీది అంచు, కొప్పు, ఎర్రరంగు వంటివి తర్వాత రావచ్చు. అక్షరక్రమంలో పేర్చి పంపేవాళ్లు తమ బొమ్మకి తామే అన్యాయం చేసుకుంటున్నారు.

మాట ఎంపికకి ఆయన పెట్టిన నియమాల్లో రెండు ట్యాగులకి ప్రాణం. ఒకటి రెటిసెన్స్, అంటే మితభాషణ. వర్గీకరించేవాడి అభిప్రాయం మాటలో దూరకూడదు. ‘అద్భుతం’, ‘అందమైన’, ‘మాస్టర్‌పీస్’ ఇలాంటివన్నీ ఈ జల్లెడలో రాలిపోతాయి. మర్యాద కోసం పెట్టిన నియమం అనిపించవచ్చు గానీ ఇది పనికోసం పెట్టింది. ఆ మాటలు అందరూ రాస్తారు కనక అవి ఏ బొమ్మనీ ఇంకో బొమ్మ నుంచి విడదీయవు. మితభాషణకి ఇంకో ముఖమూ ఉంది. పాతకాలపు పాశ్చాత్య సేకరణల్లో మన జానపద బొమ్మల పక్కన ‘ప్రిమిటివ్’ అని రాసేవారు. అది వస్తువు గురించిన సమాచారం కాదు, రాసినవాడి చూపు. రెండోది కరెన్సీ, అంటే వాడుకలో ఉన్న మాటే వాడాలన్నది. దీని అవసరం తెలియాలంటే తోలుబొమ్మని కాసేపు పక్కన పెట్టి కలంకారీ దగ్గరికి వెళ్లాలి.

శ్రీకాళహస్తిలో కలంతో చేత్తో గీస్తారు. పెడన, మచిలీపట్నంలలో చెక్క అచ్చులతో అద్దుతారు. రెంటినీ కలంకారీ అనే అంటాం, కొనేవాడికి మాత్రం తేడా చాలా పెద్దది. గుడ్డ నిండా గుడి కథ గీసినవాడి శ్రమని అచ్చు గుడ్డల మధ్య పడేస్తే ధరా రాదు, గుర్తింపూ రాదు. ఇక్కడ ‘పని’ వైపు ట్యాగుల్లో ముందుకి రావాలి: చేత్తో గీసినది, కలం, కరక్కాయ పట్టించిన నూలుగుడ్డ, సహజ రంగులు. అదీగాక యూరప్ మ్యూజియంలలో 17, 18 శతాబ్దాల కోరమాండల్ తీరపు గుడ్డలు చింట్జ్ పేరుతో, పలంపోర్ పేరుతో నమోదయ్యాయి. శ్రీకాళహస్తి కుర్రవాడు ‘కలంకారీ’ అని కొడితే తన ముత్తాతల కాలపు పనిలో చాలా భాగం అతనికి కనబడదు. లండన్ పరిశోధకురాలు ‘చింట్జ్’ అని కొడితే ఈ రోజు శ్రీకాళహస్తిలో గీస్తున్నవాడు ఆమెకి కనబడడు. మంచి గ్రంథాలయ కేటలాగులో ‘దీనికి అది చూడు’ అనే చీటీ ఒకటి ఉండి ఇద్దరినీ కలుపుతుంది. ట్యాగులకి ఆ చీటీ లేదు. అందుకని రాసేవాడే రెండు మాటలూ రాయాలి. కలంకారి, కలంకారీ అని రెండు రకాలూ రాయాలి. తోలుబొమ్మని కలిపి ఒకసారి, ‘తోలు బొమ్మ’ అని విడదీసి ఒకసారి రాయాలి. ఇంగ్లిషులో ‘టి’ తర్వాత ‘హెచ్’ పెట్టి ఒకటి, పెట్టకుండా ఒకటి.

చోటు తక్కువైనప్పుడు ఈ పని మరీ నాజూకవుతుంది. చేతిపనులు అమ్మే ఎట్సీలో ఒక వస్తువుకి 13 ట్యాగులు, ఒక్కో ట్యాగుకి 20 అక్షరాలు. శ్రీకాళహస్తి కలంకారి అని ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే మధ్య ఖాళీతో కలిపి 22 అవుతుంది. పట్టదు! అప్పుడు ‘కలంకారీ పెయింటింగ్’ 18 అక్షరాల్లో ఒకటి, ‘శ్రీకాళహస్తి ఆర్ట్’ 16 అక్షరాల్లో ఇంకొకటి అని విడదీయాలి. ఏ ముక్క ఏ ముక్కతో కలిసి వెళ్లాలో తేల్చుకోవడమే పని. పదమూడు ట్యాగుల్లో ఐదు వైపులూ రావాలంటే ఒక్కటి కూడా వృథా పోకూడదు. పొడుగు తగ్గించి పద్యపాదంలో గణాలు సరిపెట్టుకునేవాడికి ఉండే ఓపికే ఇక్కడా కావాలి.

ఇక రూపం సంగతి. రంగనాథన్ పుస్తకాల కోసం ఆలోచించారు. బొమ్మకి ఇంకో మడత ఉంది. బొమ్మలో ఏముంది అన్నది ఒక ప్రశ్న, బొమ్మ దేని గురించి అన్నది ఇంకో ప్రశ్న. కళాచరిత్రకారుడు ఎర్విన్ పనోఫ్‌స్కీ 1939లో బొమ్మని చదవడానికి చెప్పిన మెట్లని ఆధారం చేసుకుని, సారా షాట్‌ఫోర్డ్ 1986లో ఈ తేడాని బొమ్మల సూచికల కోసం విడమరిచి చెప్పారు. కె. వెంకటప్ప ఊటీలో వేసిన జలవర్ణ చిత్రాలు తీసుకోండి. వాటిలో ఉన్నవి కొండలు, మబ్బులు, చెట్లు. అవి దేని గురించి? వాన గురించి, ఏకాంతం గురించి అనవచ్చు. వెతికేవాళ్లలో ఎక్కువమంది మొదటి మెట్టు మీదే ఉంటారు. పని తెలిసినవాళ్లు మాత్రం ఆ మెట్టుని చిన్నచూపు చూసి ‘వాష్ టెక్నిక్’, ‘బెంగాల్ శైలి’ దగ్గర మొదలుపెడతారు.

అమెరికాలో కొన్ని మ్యూజియంలు కలిసి స్టీవ్ అనే పేరుతో ఒక ప్రయోగం చేశాయి. మామూలు సందర్శకుల్ని కళాఖండాలకి తమకి తోచిన ట్యాగులు పెట్టమన్నాయి. 2009 నాటి వాళ్ల నివేదిక ప్రకారం సందర్శకుల ట్యాగుల్లో 86 శాతం మ్యూజియం వాళ్ల సొంత వివరాల్లో ఎక్కడా లేవు. నిపుణులు చిత్రకారుడి పేరు, కాలం, శైలి రాశారు. జనం మాత్రం గుర్రం, గొడుగు, నీలం అని రాశారు. బెంగళూరు కస్తూర్బా రోడ్డులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీకి ఈ సంగతి బాగా పనికొస్తుందని నా నమ్మకం. మ్యాప్ అని పిలిచే ఈ మ్యూజియం 2020 డిసెంబరులో ముందు ఆన్‌లైన్‌లోనే తెరుచుకుంది. భవనం తలుపులు తెరిచింది 2023 ఫిబ్రవరిలో. రెండేళ్లకు పైగా దాని సందర్శకులందరూ తెర మీద నుంచే వచ్చారు. వాళ్ల సేకరణలో పాత శిల్పాల పక్కనే అగ్గిపెట్టె లేబుళ్లు, బట్టల తానులకి అంటించే రంగుల కాగితాలు, సినిమా పోస్టర్లు ఉన్నాయి. పులిబొమ్మ అగ్గిపెట్టె లేబుల్‌ని చిన్నప్పుడు పోగుచేసుకున్న మనిషి ‘లిథోగ్రాఫ్’ అని వెతకడు, ‘పులి అగ్గిపెట్టె’ అని వెతుకుతాడు. అతనికి లిథోగ్రాఫ్ అన్న మాట నేర్పాల్సింది బొమ్మ దొరికిన తర్వాత.

మ్యాప్ వాళ్లు మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఇంటర్‌వోవెన్ అని ఒక వేదిక కట్టారు. దక్షిణాసియా నేతల్ని ఇతర కళాఖండాలతో పోల్చి సంబంధాలు చూపించడానికి అది కృత్రిమ మేధని వాడుతుంది. కంటికి దగ్గరగా ఉన్నవాటిని కలపడంలో యంత్రం చురుకైనదే. కానీ చేత్తో గీసిందా, అచ్చు వేసిందా, ఏ ఊరి ఎవరి పని అన్నది ఫోటోలో కనబడేది కాదు. అది తెలిసిన మనిషి రాయాల్సిందే.

భాషల చిక్కుకి రంగనాథన్ చూపిన దారి ఇప్పుడు వికీమీడియా కామన్స్‌లో నడుస్తోంది. వర్గీకరణ పని మూడు అంతస్తుల్లో జరుగుతుందన్నారాయన: భావం ఒకటి, మాట ఒకటి, గుర్తు ఒకటి. భావాన్ని ముందు తేల్చుకోవాలి, దానికి ఏ భాషలో ఏ మాట అన్నది తర్వాత, దానికొక సంఖ్య అన్నది ఆ తర్వాత. కామన్స్‌లో 2019 నుంచి ఒక చిత్రానికి ‘ఇందులో కనబడేది’ అన్న చోట మాట బదులు వికీడేటా అంశాన్ని జతచేయవచ్చు. ఆ అంశానికి ఒక సంఖ్య ఉంటుంది. దాని కింద తెలుగులో హనుమంతుడు, కన్నడలో హనుమంత, ఇంకా ఎన్నో భాషల్లో పేర్లు ఉంటాయి. తెలుగువాడు ఒక్కసారి గుర్తిస్తే జర్మన్ భాషలో వెతికినవాడికీ ఆ బొమ్మ దొరికే వీలుంది. తెలుగు వికీపీడియాకి అండగా పనిచేసిన బృందాల్లో ఒకటి బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీది. మన కళాకారుల ఫోటోలు కామన్స్‌లోకి ఎక్కించేవాళ్లు ఆ ఒక్క గడి నింపడానికి ఇంకో రెండు నిమిషాలు పెడితే ఎంత మేలో.

ట్యాగులు ఒకసారి రాసి వదిలేసేవి కావు. గ్రంథాలయం పెరుగుతూ ఉండే ప్రాణి అన్నది 1931 నాటి రంగనాథన్ ఐదో సూత్రం, అది ట్యాగుల చిట్టాకీ వర్తిస్తుంది. నిమ్మలకుంటలో ఇప్పుడు ఆడించే బొమ్మలతోపాటు తోలు దీపపు తొడుగులు చేస్తున్నారు. బెంగళూరు ఇళ్లలో వేలాడేవి అవే. ఒకప్పుడు ఎవరూ కోరని లంకె ‘ల్యాంప్ షేడ్’, ఇవాళ అది కోరే లంకె. ఆ మాట కొత్త వస్తువులకి చేర్చాలి, ఆడించే హనుమంతుడికి చేర్చకూడదు. 2022లో జిల్లాలు మారాయి, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. కొత్త జిల్లా పేరు రాయాలి, పాత ‘అనంతపురం’ కూడా అలాగే ఉంచాలి. అంతకు ముందు అచ్చయిన ప్రతి పుస్తకమూ, ప్రతి మ్యూజియం చీటీ నిమ్మలకుంటని అనంతపురం జిల్లా అనే చెబుతుంది, వాటిని చదివి వచ్చేవాళ్లు ఇంకా చాలాకాలం ఆ మాటతోనే వెతుకుతారు.